ఆరేండ్ల దుర్బీన్, ఆరు సీజన్ల సీరియల్

ముందే చెప్తున్న, ఇది అన్‌బాక్సింగ్ రివ్యూ కాదు. ఆ అట్టడబ్బా ఎప్పుడో చెదలు తిన్నది. టెలిస్కోపు కొన్నది 2020 జనవరిల, ఆరేండ్లు వాడినంక రాస్తున్న. 130 మిల్లీమీటర్ల అద్దం, 650 మిల్లీమీటర్ల ఫోకల్ లెంత్ (అద్దం నుంచి బొమ్మ పడే దూరం), రిఫ్లెక్టర్ అంటే అద్దంతోటి చూపెట్టే రకం, 20 వేలకు కొంచెం తక్కువ పడ్డది. కంపెనీ పేరు రాయ, ఎందుకంటే కింద తిట్టేది కూడా ఉన్నది. మహారాష్ట్రల ఉన్న మా సిరొంచకు కొరియర్ రాదన్నరు, మంచిర్యాల్ల మా బావ అడ్రస్ ఇచ్చి, ప్రాణహిత దాటి పోయి, బస్సుల ఒళ్ళె పెట్టుకొని తెచ్చుకున్న. కండక్టర్ "గండ్ల ఏమున్నది, తుపాకా?" అన్నడు. నక్సలైట్లు తిరిగిన మా గడ్చిరోలి దిక్కు ఆ మాట నవ్వులాటకు అడిగేది కాదు, డబ్బా విప్పి చూపెట్టాల్సి వచ్చింది.

అసలు ఈ పిచ్చి టీవీ నుంచి అంటుకున్నది. 1998ల దూరదర్శన్ల కెప్టెన్ వ్యోమ్ అని అంతరిక్ష హీరో సీరియల్ వస్తుండె. ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ, టీవీల హిందీ, మాకు మూడూ ఒకటే. అటెన్క చాలా చూసిన గని మనిషిని పట్టుకున్నది మాత్రం ది ఎక్స్‌పాన్స్ అనే ఇంగ్లిష్ అంతరిక్ష సీరియల్. దుకాణం (జిరాక్స్, మొబైల్ రిపేర్) బంద్ చేసి రాత్రి రెండు ఎపిసోడ్లు, నెట్ లేకపోతే మంచిర్యాల పోయినప్పుడు డౌన్‌లోడ్ చేసుకొచ్చినవి. అండ్ల ఓడ ఇంజన్ మండుతుంటేనే కాళ్ళు నేలకు ఆనుతయి, ఇంజన్ ఆగితే మనుషులు తేలుతరు, సగం దూరం పోయినంక ఓడను తిప్పి పోయే దిక్కుకే మంట పెట్టి బ్రేక్ కొడుతరు, ఇది చూసినంక మిగతా సీరియళ్ళల్ల ఓడలు కార్ల లెక్క మలుగుతుంటే చిరాకు పుడతది. గాలి లేనికాడ శబ్దం రాదు, ఇండ్ల మాత్రం వస్తది, ఆ ఒక్కటి మాఫ్.

ఇగ సామాను సంగతి. అద్దం మంచిది, అబద్ధం చెప్ప. 25 మిల్లీమీటర్ల ఐపీస్ (కన్ను పెట్టే చిన్న కటకం) తోటి 26 రెట్లు, 10తోటి 65 రెట్లు, ఈ రెండూ పనికొస్తయి. దాంతోటి ఫ్రీ అని ఇచ్చిన 4 ఐపీస్ చెత్త, 162 రెట్లు అని రాసుకున్నరు గని చూస్తే గురుగ్రహం పాలల్ల పడ్డ ఈగ లెక్క కనిపిస్తది. స్టాండ్ అంతకన్నా అన్యాలం. ఫోకస్ తిప్పుదామని వేలు పెడితే బొమ్మ ఐదారు సెకన్లు వణుకుతది, గాలి వస్తే ఆ రాత్రి పని ఖతం. ఇటుక కట్టిన, నీళ్ళ బాటిల్ వేలాడదీసిన, ఏం లాభం లేదు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే నేల గట్టిగ ఉన్నదా చూసుకోండ్రి అన్నరు. మాది స్లాబు మిద్దె సారూ, ఇంకెంత గట్టిగుండాలె!

ఆఖరికి స్టాండ్ అటక మీద పడేసి మా వాడల వడ్లాయనతోటి డాబ్సన్ డబ్బా చేయించిన. జాన్ డాబ్సన్ అని అమెరికాల వేదాంత సొసైటీ సన్యాసి ఉండె, 23 ఏండ్లు మఠంల ఉండుకుంటనే పాత సామాన్లతోటి టెలిస్కోపులు చేసి ఫుట్‌పాత్ మీద జనాలకు ఉట్టిగనే చూపెట్టిండు, ఈ డబ్బా ఆయన పద్ధతే. ఫిరంగి లెక్క ఉంటది, అడుగుకు సన్‌మైకా, దాని కింద మూడు టెఫ్లాన్ ముక్కలు, అంతే, వేలితోటి నూకితే వెన్న లెక్క తిరిగి ఆపినకాడ ఆగుతది. వడ్లాయన టేకుతోటే చేస్తనని పట్టుబట్టిండు. మా ఆలపల్లి టేకు అయోధ్య గుడికి పోయింది, నీ దుర్బీన్‌కు ప్లైవుడ్ ఏందిరా అని. ఇప్పుడు దాన్ని మిద్దె ఎక్కియ్యాలంటే ఇద్దరు కావాలె.

లాక్‌డౌన్ల మే నెల, తెల్లారుజామున శనిగ్రహం దొరికింది. మొదటిసారి చూసినోళ్ళందరు అనేదే నేనూ అన్న, ఎవడో లోపట స్టిక్కర్ అతికించిండని. వాడకట్టోళ్ళను పిలిస్తే సగం మంది రాలే, శనిని పోయి పోయి కండ్లల్ల పెట్టుకుంటమా అని. మా బాపుది మకర రాశి, అప్పుడే ఏల్నాటి శని నడుస్తున్నది, అవ్వ వద్దంటే వద్దన్నది. బాపు ఆమె పండుకున్నంక మెల్లగ మెట్లెక్కి వచ్చి కన్ను పెట్టి చానసేపు తియ్యలే. "గిదా శని? ఇంత ముద్దుగుంటడా?" అన్నడు. ఆ రాత్రి ఆయనకు లెక్క చెప్పిన, శని సూర్యుని చుట్టు తిరగడానికి 29న్నర ఏండ్లు, 12 రాశులకు పంచితే రాశికి రెండున్నర, మన రాశి, ముందుది, ఎన్కది కలిపితే ఏడున్నర, అదే ఏల్నాటి. "మరి అయ్యగారు దానికి నా దగ్గర పైసలెందుకు తీసుకున్నడు" అన్నడు.

2020 డిసెంబర్ 21 నాడు గురువు, శని పక్కపక్కకు వచ్చినయి, మధ్యల పూర్ణ చంద్రుని వెడల్పుల ఐదో వంతంత జాగ. 65 రెట్లల్ల రెండూ ఒకటే చూపుల, ఇటు నాలుగు చందమామలతోటి గురువు, అటు వలయంతోటి శని. ఆ నాలుగింట్ల ఒకటి గనిమీడ్, సీరియల్ల అక్కడ పంటలు పండిస్తరు. నాకేమో సూదిమొన.

గని అన్నిట్లకెల్లి నాకు ఎక్కువ ఇష్టమైన రాత్రులు 2021 దీపావళివి, ఎవరికి చెప్పినా "ఏమున్నదిరా అండ్ల" అంటరు. సీరియల్ల సెరెస్ మీద లక్షల మంది బతుకుతరు, నీళ్ళ కొట్లాట, పోలీసులు, బస్తీలు. అసలు సెరెస్ కుజునికి, గురువుకు నడుమ తిరిగే 940 కిలోమీటర్ల గుండు, 1801 జనవరి 1 నాడు ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త పియాజీ పట్టుకున్నడు. ఆ వారం అది రోహిణి నక్షత్రం పక్కకెల్లి పోతున్నది, పైన పిల్లలకోడి, కింద రోహిణి, దొరకపట్టుడు అల్కగ. దొరికితే ఏముంది, చుక్కల్ల చుక్క. మూడు రాత్రులు దుకాణంల ఖరాబైన జిరాక్స్ కాగితం ఎన్క పెన్సిల్‌తోటి చుక్కలు గీసిన, పటాకుల పొగ పోయేదాక ఆగి ఆగి. మూడో రాత్రి కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి లైటుకు పడితే అన్ని చుక్కలు కలిసినయి, ఒక్కటి జరిగింది. నెల తర్వాత ఆరో సీజన్ మొదలైంది, సెరెస్ పేరు వచ్చినప్పుడల్లా నాకు ఆ పెన్సిల్ చుక్కే యాదికొచ్చింది.

దీనితోటి ఒక నష్టం కూడా అయింది. ఏ సీరియల్లనైనా ఓడ గ్రహశకలాల నడుమ బండల నుంచి తప్పించుకుంట పోతుంటే ఇగ చూడబుద్ధి కాదు. ఆ గ్రహశకలాల పట్టీ మొత్తం బరువు మన చంద్రుని బరువుల 3 శాతం, అండ్ల మూడో వంతుకు మించి సెరెస్‌దే, మిగిలింది కోట్ల కిలోమీటర్లల్ల చెదిరిపోయి ఉన్నది. నాసా ఓడ పయొనీర్ 10 అప్పట్ల 1972-73లనే ఏమీ తాకకుండ దాటింది. నా భార్య అంటది, నీతోటి టీవీ చూసుడు మాస్టర్‌తోటి సినిమాకు పోయినట్టే అని.

రంగుల గురించి చెప్పాలె, కొనేటోళ్ళు ఇక్కడనే మోసపోతరు. మృగశిర దగ్గరి ఓరియన్ నెబ్యులా (వాయువుల మబ్బు) ఫొటోల గులాబీ, ఐపీస్ల బూడిద, బాగ చీకటైతే కొంచెం ఆకుపచ్చ. మసక వెలుగుల మన కంటికి రంగు తెల్వదు, టెలిస్కోపు తప్పు కాదు. మాకైతే కరెంటు పోయిందంటే పండగే, పాలపుంత ప్రాణహిత అవతలి ఒడ్డు దాక దిగుతది.

గని పెద్ద తమాషా దుర్బీన్ లేనప్పుడే అయింది. 2022 ఏప్రిల్ 2, ఉగాది, బల్లార్షాల అక్కా వాళ్ళింట్ల ఉన్నం. రాత్రి మిద్దె మీద పోరగాళ్ళు ఒర్రిన్రు, చూస్తే ఆకాశంల మంటల తోక, ముక్కలు ముక్కలై మెల్లగ సాగుతున్నది. ఉల్క అంత మెల్లగ పోదు, రాకెట్ ముక్క అని నేనంటే ఈ బల్లార్షా బావ, సీరియళ్ళు చూసి చెడిపోయినవన్నడు. తెల్లారి అదే చంద్రపూర్ జిల్లా సిందేవాహి తాలూకా లాడ్‌బోరిల దాదాపు మూడు మీటర్ల లోహపు రింగు పడ్డదని వార్త! చైనా లాంగ్ మార్చ్ రాకెట్ అంచె అని తెల్సినోళ్ళు చెప్పిన్రు. బావ ఇప్పటిదాక ఆ ముచ్చట ఎత్తడు.

చంద్రయాన్-3 దిగిన 2023 ఆగస్టు 23 నాడు జనం లైను కట్టిన్రు, విక్రమ్‌ను చూపెట్టు అని. ఈ అద్దానికి చంద్రుని మీద ఒకటిన్నర, రెండు కిలోమీటర్ల కన్న చిన్నది విడిగ కనిపియ్యదు, దక్షిణం కొస చూపెట్టి గా దిక్కు అని చెప్పిన. అదీ మబ్బుల సందుల్లకెల్లి.

2025 నవంబర్ల శని వలయం సూది లెక్క అయింది, మనకు అంచు చూపెట్టింది గనక. అదే ఏడు మార్చి 23కు సరిగ్గ అంచు మీదికి వచ్చింది గని అప్పుడు సూర్యుని పక్కన ఉండె, కనపడలే. ఆ మార్చి ఆఖరుకు బాపు ఏల్నాటి శని కూడా ఒడిసింది. నవంబర్ల పైకి పిలిచి చూపెడితే చానసేపు చూసి, "నన్ను పీడించి పీడించి ఆయనే సన్నబడ్డడు" అన్నడు. మళ్ళ ఒక్కొక్క ఏడు విచ్చుకుంటది, ఐపీస్ నుంచి లేవొద్దు బాపు అన్న.

ఇప్పుడు బాధంతా అద్దంది. ఆరు వానకాలాల తేమకు అంచుల పూత మచ్చలు మచ్చలైంది. రెండుసార్లు డిస్టిల్డ్ వాటర్ల సబ్బు చుక్కేసి, తుడవకుండ నిలబెట్టి ఆరబెట్టిన, బూజు పోయింది గని మచ్చలు పోలే. 130 అద్దానికి మళ్ళ అల్యూమినియం పూత వేసేటోళ్ళు నాగ్‌పూర్ల గని హైదరాబాద్ల గని ఎవరన్న ఉంటే చెప్పుండ్రి, ఈసారి బస్సుల అద్దం ఒక్కటే పట్టుకొని వస్త.