‘కాల్షియం సమతుల్యం’ అని అచ్చువేసిన పచ్చి మాంసం ప్యాకెట్లు: కుక్కపిల్లలను పెంచేవారికి హెచ్చరిక

కుక్కలకు పచ్చి మాంసం ఆహారాన్ని ప్యాకెట్లలో తెప్పించుకుంటున్న గోదావరి డెల్టా వారికి, ముఖ్యంగా పెద్ద జాతి కుక్కపిల్లలు ఇంట్లో ఉన్నవారికి ఈ విషయం తెలియాలని రాస్తున్నాను. పాలకొల్లు, నరసాపురం, భీమవరం ఊళ్ళకూ, చించినాడ వంతెన దాటి రాజోలు వైపుకూ థర్మాకోల్ పెట్టెల్లో ఐసు వేసి సరుకు పంపే ఒక విక్రేత వద్ద మేము కొన్న ప్యాకెట్ల మీద ‘ఎముకతో సహా రుబ్బిన కోడిమాంసం, కాల్షియం సమతుల్యం’ అని ఉంటుంది. విక్రేత పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి రాత ఉన్న ప్యాకెట్ ఎవరి దగ్గర కొన్నా అడగవలసిన ప్రశ్నలు ఒకటే.

మొదట్లో వచ్చిన ప్యాకెట్లలో నిజంగానే ఎముక ఉండేది. కీమాను వేళ్ళ మధ్య నలిపితే బియ్యపు నూకలా గరుకుగా తగిలేది. ఎముక తిన్న కుక్కకు ఉండవలసినట్టే మా జర్మన్ షెపర్డ్ పిల్ల మలం గట్టిగా, తెల్లబారి ఉండేది. కొంతకాలానికి కీమా మెత్తబడింది, మలం నల్లగా, వదులుగా మారింది. ధర, లేబుల్ మాత్రం మారలేదు. ఆరు నెలలు కూడా నిండని పిల్ల ముందుకాలు కుంటడం, మెట్టు ఎక్కమంటే వెనక్కి తగ్గడం మొదలుపెట్టాక విక్రేతను అడిగితే, ఎముక రుబ్బే యంత్రం పాడైందని, దాని బదులు కిలోకు ఒక చెంచా ‘కాల్షియం పొడి’ కలుపుతున్నామని, ఎముక కన్నా ఇదే శుభ్రమైన పద్ధతి అని సమాధానం వచ్చింది. ఏ పొడి అని పట్టుబట్టి అడిగితే కోళ్ళ దాణాలో వేసే డీసీపీ అన్నారు. గుడ్లు పెట్టే కోడికి సరిపోయేది కుక్కకు సరిపోదా అని ఎదురు ప్రశ్న కూడా వేశారు.

ఆ ప్రశ్న పైకి సబబుగానే వినిపిస్తుంది, అందుకే దాని సంగతి కాస్త వివరంగా చెప్పాలి. తణుకు, అనపర్తి ప్రాంతాల్లో లేయర్ (గుడ్లు పెట్టే కోళ్ళ) షెడ్లు నడిపేవారిలో ఎవరిని అడిగినా చెబుతారు, గుడ్డు పెంకుకు కావలసిన కాల్షియంలో అధిక భాగం దాణాలో వేసే రాతి గ్రిట్ (సున్నపురాయి నూక) నుంచీ, గుల్ల నుంచీ వస్తుందే తప్ప డీసీపీ నుంచి కాదని. డీసీపీ అంటే డైకాల్షియం ఫాస్ఫేట్. మొక్కజొన్న, సోయా చెక్కలలో ఉన్న భాస్వరంలో ఎక్కువ భాగం ఫైటేట్ రూపంలో ఉండి కోడికి అందదు కాబట్టి ఆ లోటు తీర్చడానికి డీసీపీ వేస్తారు. మాంసం సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. అందులో భాస్వరం దండిగా ఉంటుంది, లేనిది కాల్షియం. అంటే మా విక్రేత కోళ్ళ షెడ్డు నుంచి సంచిని తెచ్చుకున్నారు గానీ, ఆ సంచి అక్కడ ఎందుకు ఉందో తెలుసుకోలేదు.

లెక్క వేసి చూడండి. ఎముక లేని కోడిమాంసం కిలోలో కాల్షియం సుమారు 0.1 గ్రాము, భాస్వరం సుమారు 2 గ్రాములు ఉంటాయి. కార్జం కలిపితే భాస్వరం వైపు మొగ్గు ఇంకా పెరుగుతుంది. కుక్క తినే తిండిలో కాల్షియం భాస్వరానికి కనీసం సమానంగా ఉండాలి, రెట్టింపుకు మించకూడదు. పశుదాణాలో సాధారణంగా వాడే డీసీపీలో కాల్షియం 23 శాతం, భాస్వరం 18 శాతం వరకు ఉంటాయి. చెంచా పొడి 6 గ్రాములనుకుంటే, కిలో మాంసానికి చేరే కాల్షియం 1.4 గ్రాములు, దానితోపాటే చేరే భాస్వరం 1.1 గ్రాములు. మొత్తం మీద కాల్షియం 1.5, భాస్వరం 3.1 అవుతుంది, అంటే కాల్షియం భాస్వరంలో సగానికి కూడా రాలేదు. పోనీ డీసీపీతోనే రెండింటినీ సమానం చేద్దామంటే కిలోకు 38 గ్రాములు పోయాలి. అప్పుడు కాల్షియం 9 గ్రాములకు దగ్గరపడి, పెరిగే పిల్లకు ఉండవలసిన గరిష్ఠ పరిమితి దాటిపోతుంది.

అదే చెంచా గుడ్డు పెంకు పొడి అయి ఉంటే కథ వేరుగా ఉండేది. పెంకు దాదాపు అంతా కాల్షియం కార్బనేట్, అందులో భాస్వరం లెక్కలోకి రానంత తక్కువ. ఒక గుడ్డు పెంకు 5, 6 గ్రాములు తూగుతుంది. 6 గ్రాముల పొడిలో 2.3 గ్రాముల కాల్షియం ఉంటుంది. కిలో మాంసంలో కలిపితే నిష్పత్తి 1.2కు 1 అవుతుంది, ఎదిగిన కుక్కకు అది సరిపోతుంది.

పిల్లకు ఒక్క నిష్పత్తి కుదిరితే చాలదు, మొత్తం కూడా చాలాలి. అమెరికాలో పశువుల ఆహార ప్రమాణాలు ప్రకటించే ఆఫ్కో సంస్థ లెక్క ప్రకారం ప్రతి 1000 కిలోకేలరీలకు ఎదిగిన కుక్కకు కనీసం 1.25 గ్రాములు, పెరిగే పిల్లకు కనీసం 3 గ్రాముల కాల్షియం కావాలి. పిల్లకు భాస్వరం కూడా 2.5 గ్రాములు కావాలి. ఎదిగాక 32 కిలోలు లేదా అంతకు మించి తూగే జాతుల పిల్లలకు కాల్షియం 4.5 గ్రాములు దాటకూడదు. కొవ్వు తీసిన కోడిమాంసం కిలో అంటే సుమారు 1200 కిలోకేలరీలు. ఆ లెక్కన కిలోకు 3.6 గ్రాములు ఉండవలసిన చోట మా ప్యాకెట్లో ఉన్నది 1.5. విచిత్రం ఏమిటంటే, ఆ చెంచా డీసీపీ తీయకుండానే దానికి తోడు ఒక చెంచా పెంకు పొడి కలిపి ఉంటే కాల్షియం 3.8, భాస్వరం 3.1 అయి పిల్లకు కావలసిన రెండూ అందేవి. గుడ్లు లారీలకు లారీలు ఒడిశా, బెంగాల్, అస్సాంలకు ఎగుమతయ్యే ప్రాంతంలో, బేకరీ వాళ్ళు పెంకులు బుట్టలకొద్దీ పారబోసే చోట, ఆ రెండో చెంచా దొరకలేదంటే నేను నమ్మలేను.

కాల్షియం చాలనప్పుడు శరీరం ఊరుకోదు. రక్తంలో దాని మట్టం పడిపోకుండా పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేసి ఎముకల నుంచి కాల్షియాన్ని లాగుతాయి. అందువల్లనే రక్తపరీక్షలో కాల్షియం మామూలుగా కనిపించవచ్చు, ఆ కాగితం చూసి నిశ్చింతగా ఉండకూడదు. మా పిల్ల విషయంలోనూ రక్తపరీక్షలో తేడా ఏమీ కనిపించలేదు. ఎక్స్‌రేలో ఎముకల గోడలు పలచబడినట్లు తేలింది. పశువైద్యుడు తిండి సరిచేసి, దూకకుండా చిన్న చోట కట్టడి చేసి ఉంచమన్నారు. కుంటు చాలావరకు తగ్గింది గానీ ముందుకాలి వంకర పూర్తిగా పోతుందని ఆయన హామీ ఇవ్వలేదు.

ఫిర్యాదు చేసినప్పుడు విక్రేత ఇచ్చిన సలహాలు కూడా చెప్పాలి, ఎందుకంటే అవి మీకూ చెబుతారు. పిల్లను పొద్దుటెండలో కట్టేయమన్నారు. మనిషి చర్మంలా కుక్క చర్మం ఎండతో తగినంత విటమిన్ డి తయారుచేసుకోలేదు, అది తిండిలోనే రావాలి. మనుషుల కాల్షియం మాత్రలు రోజుకు నాలుగైదు వేయమన్నారు. మాత్ర మీద కాల్షియం కార్బనేట్ 1250 మిల్లీగ్రాములని ఉంటే అందులో అసలు కాల్షియం 500 మిల్లీగ్రాములే. ఆ లెక్క తెలియకుండా, పైగా పాత ప్యాకెట్లో ఎంత ఉందో తెలియకుండా మాత్రలు వేస్తే ఈసారి ఎక్కువై ప్రమాదం. ఆరు నెలల లోపు పిల్లలు పేగుల్లోకి వచ్చిన కాల్షియంలో అదనాన్ని సరిగా నిలువరించలేవు, అది కీళ్ళ మృదులాస్థి ఎదుగుదలను పాడుచేస్తుంది. నెదర్లాండ్స్‌లోని యుట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో గ్రేట్ డేన్ పిల్లల మీద 1980లలో జరిగిన పరిశోధనలు దీన్ని స్పష్టంగా చూపాయి. అదనపు కాల్షియం జింకును కూడా ఒంటికి పట్టనివ్వదు.

ఇంకొక మాట. నా అనుభవం విని, ఇదే సరుకు కొంటున్న మరొకరు తాంబూలంలో వేసే సున్నం కలుపుతానన్నారు. గుల్ల సున్నమైనా, చేపల చెరువులో చల్లే కాల్చిన సున్నమైనా నోరు, పేగులు కాల్చేస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. చెరువులకు అమ్మే డోలమైట్, జియోలైట్ సంచులూ ఇందుకు పనికిరావు.

కొనే ముందు విక్రేతను ‘కాల్షియం ఉందా’ అని అడగకండి, ఉందనే అంటారు. కిలో మాంసంలో మొత్తం కాల్షియం ఎన్ని గ్రాములు, భాస్వరం ఎన్ని గ్రాములు, కలిపిన పొడి పేరేమిటి అన్నవి రాతపూర్వకంగా అడగండి. పొడి విడిగా ఇస్తే చిటికెడు తీసి వినిగర్‌లో వేయండి: పెంకు పొడి, గుల్ల పొడి బుసబుస నురగ కక్కుతాయి, డీసీపీ దాదాపు కదలదు. ఎముక ఉందన్న కీమాను జల్లెడలో వేసి నీటితో కడిగితే నూక అడుగున మిగలాలి. ప్యాకెట్ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉందని ధైర్యపడవద్దు. ఆ నంబరు ఇచ్చే ఆహార భద్రత, ప్రమాణాల చట్టం మనుషుల తిండికి సంబంధించినది, పశువుల దాణా దాని పరిధిలోకి రాదు. పచ్చిగా పెట్టాలా, ఉడికించి పెట్టాలా అన్నది వేరే చర్చ. గడ్డకట్టించినంత మాత్రాన సాల్మొనెల్లా చావదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. అయితే ఎముక లేని మాంసం ఉడికించి అన్నంలో కలిపి పెట్టేవారికి కూడా ఈ కాల్షియం లెక్క వర్తిస్తుంది, బియ్యంలోనూ కాల్షియం స్వల్పమే.

డబ్బు తిరిగి ఇవ్వమంటే తరువాతి సరుకు ఉచితంగా పంపుతామన్నారు, అదే లేబుల్‌తో. మేము ఒప్పుకోలేదు. లేబుల్ మీద ఒకటి రాసి లోపల మరొకటి పెట్టడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేయదగిన విషయం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు, లేదా మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. మీరూ ఇలాంటి ప్యాకెట్లు కొని ఉంటే లేబుల్ చించి పారేయకండి, తెరవని ప్యాకెట్ ఒకటి ఫ్రీజర్‌లో ఉంచండి, విక్రేతతో జరిగిన సందేశాలను చెరపకండి, పిల్ల నడకలో ఏ మాత్రం తేడా ఉన్నా రక్తపరీక్షతో సరిపెట్టకుండా ఎక్స్‌రే తీయించండి.