కొన్నది రిఫ్లెక్టర్, వాడుతున్నది దాని లోపలి తెల్లగుడ్డ

విజయవాడలో ఫ్లాష్ లేకుండా, ఎండ వెలుతురుతోనే పోర్ట్రెయిట్లు తీసే పనికి మూడున్నరేళ్ళుగా 42 అంగుళాల ఫైవ్ ఇన్ వన్ రిఫ్లెక్టర్ వాడుతున్నాను, అంటే వెలుతురును మనిషి మీదికి తిప్పే గుండ్రటి మడత తెర. సిల్వర్, గోల్డ్, తెలుపు, నలుపు ఏ వైపు దేనికో అందరికీ తెలిసిందే, ఆ జోలికి పోను. ఆ రంగుల తొడుగు జిప్పు తీస్తే లోపల ఉక్కు రింగుకు బిగించిన పల్చటి తెల్లగుడ్డ ఒకటుంటుంది. కొన్నవాళ్ళలో చాలామంది దాన్ని బయటికే తీయరు. నా వరకు పెట్టిన డబ్బంతా ఆ గుడ్డతోనే గిట్టింది.

ఎందుకంటే మన ఎండ అలాంటిది. విజయవాడ 16.5 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి మధ్యాహ్నం పన్నెండు దాటిన కాసేపటికి సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడు. వేసవంతా పదిన్నర నుంచి మూడింటి దాకా దాదాపు అదే తంతు. కనుబొమల నీడ కళ్ళ మీద, ముక్కు నీడ పైపెదవి మీద, గడ్డం నీడ మెడ మీద పడతాయి. ఎడిటింగ్‌లో షాడోస్ స్లయిడర్‌తో నీడలను ఎంత పైకి లాగినా కళ్ళగుంటలు బూడిదరంగుకు తిరుగుతాయే తప్ప కళ్ళలో మెరుపు రాదు. తీసినప్పుడే క్యాచ్‌లైట్, అంటే కళ్ళలో పడే ఆ వెలుతురు చుక్క, లేకపోతే స్లయిడర్ ఎక్కణ్ణుంచి తెస్తుంది?

గుడ్డను గొడుగులా తల మీద అడ్డంగా పట్టుకుంటే సగం పనే అవుతుంది. వెలుతురు మెత్తబడుతుంది గానీ ఇంకా పైనుంచే దిగుతుంది, కళ్ళు గుంటల్లోనే ఉండిపోతాయి. రింగు వెనక అంచు తల దాటి జానెడు మాత్రమే ఉండాలి. మిగతాదంతా మనిషి ముందుకి రావాలి, కెమెరా వైపు అంచు కొంచెం కిందికి వాలాలి. అప్పుడు గుడ్డ కిటికీలా ముఖం వైపు చూస్తుంది. "గడ్డం కొంచెం ఎత్తమ్మా" అంటే చాలు, కళ్ళలో తెల్లటి చుక్క పడుతుంది. దూరం మూరన్నర, అంతకు మించొద్దు. దూరం రెట్టింపైతే ముఖానికి కనిపించే గుడ్డ వైశాల్యం నాలుగో వంతుకు పడిపోతుంది, నీడల అంచులు మళ్ళీ గట్టిపడతాయి. షట్టర్ నొక్కేముందు కిందనుంచి గుడ్డను ఒకసారి చూడాలి. మొత్తం ఒకే తెలుపులో వెలుగుతోందంటే సరే. ఆకుల నీడో, పట్టుకున్నవాళ్ళ చెయ్యి నీడో దాని మీద పడిందంటే ఆ మచ్చ ముఖం మీదికీ కొంత దిగుతుంది.

ఇక అసలు ఆనందం తొడుగుది. గుడ్డను రింగుతో సహా బయటికి తీశాక తొడుగు ఖాళీ సంచీలా వేలాడుతుంది కదా, దాన్ని బ్యాగులో పడేయకండి. తెలుపు వైపు పైకొచ్చేలా కూర్చున్న మనిషి ఒళ్ళో పరిచేయండి, ఫ్రేములో పడకుండా నడుము కిందికే. ఒక్క వస్తువుతో పైన మెత్తటి వెలుతురూ, కింద నీడలు నింపే ఫిల్ లైటూ రెండూ దొరుకుతాయి. ఈ పద్ధతి తట్టడానికి నాకు ఏడాది పట్టింది, అది తెలిశాకే ఈ సామాను మీద ప్రేమ కుదిరింది.

ఓణీల ఫంక్షన్లలో, పెళ్ళికూతుర్ని చేసేటప్పుడు దీని విలువ తెలుస్తుంది. ఎర్ర పట్టుచీర మీద పడిన ఎండ తిరిగి గడ్డం కిందికి, దవడలకి ఎర్రగా కొడుతుంది. వైట్ బ్యాలెన్స్, అంటే ఫోటోలో తెలుపు తెలుపుగా కనిపించేలా చేసే రంగుల సర్దుబాటు, నుదుటికి సరిచేస్తే మెడ ఎర్రబడుతుంది, మెడకు సరిచేస్తే నుదురు ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. ఒళ్ళో తెల్ల తొడుగు పరిస్తే ఎరుపు పైకి రాకముందే ఆగిపోతుంది. గుంటూరు వైపు మిర్చి కల్లాల్లో తీసేటప్పుడూ ఇదే ఇబ్బంది, అక్కడ నేలంతా ఎరుపే. ఒళ్ళో తొడుగు అక్కడ చాలదు, మనిషి కాళ్ళ ముందు ఒక తెల్ల పంచె కూడా పరవాలి. మేడ మీద చల్లదనానికి తెల్ల పెయింట్ వేసి ఉంటే మాత్రం లెక్క తిరగబడుతుంది. నేలే పెద్ద రిఫ్లెక్టరై కింది వెలుతురు ఎక్కువైపోతుంది. అక్కడ తొడుగు నలుపు వైపు పైకి తిప్పి పరవాలి.

ఇలా తీసిన ఫైళ్ళకు ఎడిటింగ్ చాలా తక్కువ. గుడ్డ కింద గ్రే కార్డుతో (ఏ రంగూ కలవని బూడిదరంగు అట్ట) ఒక ఫ్రేము తీసి పెట్టుకుంటే వైట్ బ్యాలెన్స్ ఒక్క క్లిక్కు. హైలైట్స్ మైనస్ 15 నుంచి 25, టెక్స్చర్ మైనస్ 10, అంతకంటే లాగితే చర్మం మైనంలా అవుతుంది. వేపచెట్టు కింద తీస్తే ఆకుపచ్చ ఛాయ తప్పదు, టింట్‌ను మెజెంటా వైపు 8 నుంచి 12 జరిపితే పోతుంది. ముక్కు మీద, నుదుటి మీద నూనె మెరుపును ఎడిటింగ్‌కు వదలొద్దు. టిష్యూతో అద్దడానికి అర నిమిషం, తర్వాత చెరపడానికి పది నిమిషాలు.

గోల్డ్ వైపు మీద మాత్రం నాకు కోపమే. కొన్న కొత్తలో సాయంత్రపు వెచ్చదనం అని నేనూ మెచ్చుకున్నాను. నీడలో నిలబెట్టిన మనిషి మీదికి ఆకాశం నుంచి నీలి వెలుతురు దిగుతుంటే కింద నుంచి బంగారు వెలుతురు కొడుతుంది. ఒకే ముఖం మీద రెండు రంగులు, వైట్ బ్యాలెన్స్ స్లయిడర్ రెంటినీ కలిపే జరుపుతుంది. అసలే పసుపు రాసిన ముఖమైతే ఫోటోలోని నీలం పాలు, అంటే బ్లూ ఛానెల్, దాదాపు సున్నాకు పడిపోతుంది. అక్కడ చర్మం గీతలూ రంధ్రాలూ సరిగా మిగలవు, రా ఫైలు (కెమెరా ఏమీ మార్చకుండా దాచే ఫైలు) నుంచి కూడా పూర్తిగా వెనక్కి రావు. గడ్డం కింద బ్రష్‌తో మాస్క్ (ఆ భాగానికే మార్పు తగిలేలా) గీసి టెంపరేచర్ తగ్గించి, సాచురేషన్ మైనస్ 15 చేస్తే కొంత సర్దుకుంటుంది. ఆ పని ఒక ఫోటోకైతే చేస్తాం, ఆల్బమ్ మొత్తానికి ఎవరు చేస్తారు?

గుడ్డను ఇంత పొగిడాను కాబట్టి దాని లోపాలూ చెప్పాలి. ఇది వెలుతురులో ఒకటిన్నర స్టాప్ తినేస్తుంది (ఒక స్టాప్ తగ్గడమంటే వెలుతురు సగం కావడం). నడి ఎండలో ఐఎస్ఓ 100, ఎఫ్/2 దగ్గర షట్టర్ 1/6400 వచ్చేచోట గుడ్డ కింద 1/2000, 1/2500 మధ్య పెట్టాలి. అంటే ఎండలో ఉన్న బ్యాక్‌గ్రౌండ్ ఒకటిన్నర స్టాప్ ఎక్కువ వెలుగుతుంది. భవానీ ద్వీపంలోనో, పున్నమి ఘాట్‌లోనో మధ్యాహ్నం కృష్ణా నదిని వెనక పెట్టి తీస్తే నీళ్ళన్నీ తెల్ల కాగితమే. వెనకాల చెట్టు నీడో, గోడ నీడవైపో వెతుక్కోవాలి. అదీ కుదరకపోతే ముఖాన్ని ముప్పాతిక స్టాప్ తక్కువలో తీసి, మాస్క్ వేసి పైకి లేపాలి. గాలి కూడా పెద్ద సమస్యే. సాయంత్రం నది గాలికి 42 అంగుళాల రింగు తెరచాపలా లాగుతుంది, స్టాండుకు ఇసుక సంచీ కట్టినా పడింది. మనిషి పట్టుకోవాల్సిందే.

పాడైన విషయానికొస్తే, మొదట పోయింది జిప్పు, రెండో ఏడాదిలో. రోజూ విప్పి తొడిగితే రన్నర్ పళ్ళు వదిలేస్తుంది. బ్యాగులు కుట్టే షాపులో పెద్ద పళ్ళ ప్లాస్టిక్ జిప్పు వేయించాను, ఇప్పటికీ బాగుంది. ఆ తర్వాతది ఇంకా చిరాకు. ఉక్కు పట్టీ రెండు కొసలూ కలిసేచోట చిన్న రేకు గొట్టం నొక్కి ఉంటుంది. మడిచేటప్పుడు ప్రతిసారీ అదే చోట మెలిపెడితే గొట్టం వదులై కొస జారుతుంది, అంచు బట్ట చీల్చుకుని బయటికి పొడుచుకొస్తుంది. నాదీ అలాగే అయింది. పిల్లలను తీసేటప్పుడు అది ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. కొసలు మళ్ళీ గొట్టంలోకి దూర్చి, ప్లయర్‌తో గట్టిగా నొక్కి, బట్ట టేపు నాలుగు చుట్లు చుట్టి, చెప్పులు కుట్టే నైలాన్ దారంతో అంచు కుట్టించాను. అప్పట్నుంచి మడిచే ప్రతిసారీ అతుకు చోటు చూసుకుని, మెలిక దానికి దూరంగా పడేలా పట్టుకుంటున్నాను. విప్పేటప్పుడు రింగు ఎగిరి తెరుచుకుంటుంది, ఎదురుగా ఎవరి ముఖమూ లేకుండా చూడాలి.

చెమటకీ దుమ్ముకీ గుడ్డ పసుపు తిరిగింది. కొత్తలో గుడ్డ కింద వైట్ బ్యాలెన్స్ 5300 కెల్విన్ కుదిరేది, ఇప్పుడు 4900 పెట్టాలి. షాంపూ నీళ్ళలో ముంచి పిండకుండా ఉతికి, ఉక్కు పట్టీ ఉన్న అంచు పొడిగుడ్డతో ఒత్తి, నీడలో ఆరేస్తే కొంత తెల్లబడింది. బ్లీచింగ్ వద్దు, నీలిమందు అసలే వద్దు. నీలిమందు కంటికి తెల్లగా చూపిస్తుంది గానీ వెలుతురుకు నీలం అంటిస్తుంది. అంచు తడిగా వదిలేస్తే లోపలి పట్టీ తుప్పు పట్టి గుడ్డకు మరకలవుతాయి, నాదాంట్లో రెండున్నాయి.

నేను తీసేది ఎక్కువగా ఒక్కొక్కరినే, సగం బొమ్మల వరకే. పట్టుకోవడానికి ఎప్పుడూ పక్కన ఒకరుంటారు. మడిస్తే సుమారు 15 అంగుళాలే కాబట్టి స్కూటర్ ముందు పెట్టుకుని పోతాను. ఈ మూడూ మీకు కుదిరితేనే నా మాట మీకు పనికొస్తుంది. జంటల్ని తీసేవాళ్ళకు 42 చాలదు, ఇద్దరిలో ఒకరి భుజం ఎండలోనే ఉండిపోతుంది. ఒంటరిగా తిరిగేవాళ్ళు ఇది కొనేముందు ఎవరు పట్టుకుంటారో ఆలోచించుకోండి. సిల్వర్ వైపు మడతల దగ్గర రాలిపోతోంది, గోల్డ్ వైపు ఏడాదిగా వాడనే లేదు. అయినా ఈ కుట్టిన రింగుతో, మార్పించిన జిప్పుతో ఇంకో రోహిణి కార్తె దాటించొచ్చనే అనుకుంటున్నాను.