నేల మీద కూర్చుని చూసి కొన్న పెళ్లిచీర

మా చెల్లెలి కూతురి పెళ్లిచీర తిరుపతిలోనే కొనేద్దామని నేను, కంచికే వెళ్లాలని మా చెల్లెలు. ఎప్పటిలాగే తన మాటే నెగ్గింది. పొద్దున్నే కారులో బయలుదేరి భోజనాల వేళకు ముందే కాంచీపురం చేరాం.

ఏకాంబరేశ్వరస్వామి గుడికి దగ్గర్లో లాడ్జి తీసుకున్నాం. గది శుభ్రమే కానీ, ఉదయం ఏడు దాటితే వేడినీళ్లు రావు. చీర ఒక్కటే పని అయితే రాత్రి బస అనవసరం. మేము ఉండటం వల్ల కలిగిన లాభం మరునాడు తెలిసింది.

మొదటి రోజు సగం వృథా. ఆటో అతను తనకు తెలిసిన దుకాణం అంటూ ఒక సందులోకి తీసుకెళ్లాడు. అసలు పట్టే అని పూచీ ఇచ్చే సిల్క్ మార్క్ చీటీ ఏదని అడిగితే కాఫీ తెప్పించారు, చీటీ మాత్రం చూపించలేదు. అక్కడి నుంచి గాంధీ రోడ్డుకు నడిచాం. చీరలకు కొదవ లేదు, కానీ ఆ దీపాల వెలుగులో మెరవని చీరంటూ ఉండదు. నచ్చిన ప్రతిదాన్నీ గుమ్మం దాకా తెచ్చి ఎండలో చూశాం. లోపల కుంకుమ రంగులో ఉన్నది బయట ఇటుక రంగుకు తిరిగింది.

మరునాడు పిళ్లయార్‌పాళయంలో మగ్గం చూశాం. నేతగాడు తెలుగులోనే పలకరించాడు. అంచు ఒక రంగు, చీర మరో రంగు అయితే మూడు నాడెలు (అడ్డదారం చుట్టిన కండెను మోసే పనిముట్లు) కావాలట. ఆయన ఇటు నుంచి నాడె వేస్తుంటే అటువైపు ఇంకొకరు అందుకుంటున్నారు. దీన్నే కొర్వై అంటారు. కొంగును వేరే పడుగుతో, అంటే వేరే నిలువు దారాలతో, కలిపే చోట వేలితో తడిమితే గరుకుగా తగిలింది. సిల్క్ మార్క్ పట్టుకే పూచీ, జరీకి కాదని చెప్పింది కూడా ఆయనే. అసలు జరీ అంటే పట్టుదారానికి వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత వేసింది. అందుకే జరీ పరీక్షించి, వివరాలు బిల్లులో రాసిచ్చే చోటే కొన్నాం. అది సహకార సంఘం దుకాణం. అక్కడ బేరం లేదు, పొగడ్తలూ లేవు. నాకు అదే నచ్చింది.

అక్కడ మా పిల్ల, అంటే పెళ్లికూతురు, ఒక పని చేసింది. చీర చుట్టించుకుని నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "పెద్దమ్మా, పెళ్లిలో నేను నిలబడేది ఎంతసేపు?" అంది. నిజమే. మా చెల్లెలు మనసు పడిన జానెడు జరీ అంచు చీర కూర్చోగానే నడుము దగ్గర గుచ్చుకుంది, కుచ్చిళ్లు అట్టపెట్టెలా నిలబడ్డాయి. చివరికి సన్నని రుద్రాక్ష అంచున్న ఆకుపచ్చ, కుంకుమ రంగుల చీర తీసుకున్నాం. 42,000 రూపాయలు. అయినా మా వైపు జీలకర్ర బెల్లం కాగానే మధుపర్కాల్లోకి మారడమే కదా!

పెళ్లికి వారం ముందు కుచ్చిళ్లు ఇస్త్రీ చేయించి పిన్నులు పెట్టించాం. కట్టడం పది నిమిషాల్లో అయిపోయింది. పెళ్లయ్యాక ఆ పిన్నులు తీయడం మరిచిపోయాం, అది మా తప్పే. నెల తర్వాత చూస్తే మడత పడిన చోట జరీ విరిగినట్టు గీత.

అప్పటి నుంచి మూడు నెలలకోసారి నీడన ఆరబెట్టి మడత మారుస్తున్నాం. కలరా ఉండలు వేయం, హ్యాంగరుకు తగిలించం. చీర ఇప్పుడు మా మరిదిగారి పాత నూలు పంచెలో చుట్టుకుని మా చెల్లెలి బీరువాలోనే ఉంది. బెంగళూరులో ఉన్న పిల్లకు మడతలు మార్చే తీరిక ఉండదని తన వాదన.