జాగ్రత్త: నేపుల్స్ రేవులో అమ్మే "ఐదు గంటల పాంపే"

ఇటలీలోని నేపుల్స్‌లో క్రూయిజ్ ఓడ దిగి రేవు గేటు దాటగానే లామినేట్ చేసిన ఫొటోలు పట్టుకుని కొందరు ఎదురొస్తారు. "పాంపే, ఐదు గంటలు, లైన్ లేదు, అన్నీ కలిపే" అంటారు. పాంపే అంటే అగ్నిపర్వతం బూడిదలో కూరుకుపోయిన పాత రోమన్ నగరం. ఆ ఐదు గంటలూ ఎటు పోతాయో డబ్బు తీసేముందే లెక్కేసుకోండి. బస్సు నిండేదాకా అరగంట. దూరం పాతిక కిలోమీటర్లే, అయినా ట్రాఫిక్‌తో రానూపోనూ గంటా ఇరవై నిమిషాలు. దారిలో తొర్రే దెల్ గ్రేకోలో "ఫ్యాక్టరీ చూపిస్తాం" అని నలభై నిమిషాలు, పిజ్జా భోజనానికి ఇంకో యాభై. గేటు దగ్గర తనిఖీకి ఇరవై తీసేస్తే శిథిలాల్లో మీకు మిగిలేది గంటా ఇరవై. తవ్వి బయటపెట్టిన ఊరు నలభై హెక్టార్ల పైమాటే. ఆ కాస్త టైములో ఫోరం (ఊరి నడిబొడ్డు చౌక్), ఒక స్నానశాల, రెండు వీధులు చూసేసరికి జెండా పట్టుకున్నాయన బస్సెక్కమంటాడు.

తొర్రే దెల్ గ్రేకో పగడాలకీ, శంఖం మీద చెక్కే కేమియో బొమ్మలకీ నిజంగానే పేరున్న ఊరు. చిక్కల్లా అక్కడే. కుజదోషానికి పగడపు ఉంగరం చేయించుకోవాలనుకునే మనవాళ్లకి "ఇటలీ పగడం" అన్న మాట చాలు, చెయ్యి జేబులోకి వెళ్లిపోతుంది. ధర పోల్చుకుందామంటే బస్సు ఆపింది ఒక్క కొట్టు ముందే. వెదురు పగడం అనే చవకరకానికి రంగేసి అసలుదిగా అమ్మడం ఈ వ్యాపారంలో ఎప్పట్నుంచో ఉన్నదే. ఆ తొందరలో ఖరీదైనది కొనొద్దు.

ఇక "లైన్ లేదు" అన్న మాట. 2024 నవంబరు 15 నుంచి పాంపేలోకి రోజుకు 20,000 మందినే పంపుతున్నారు. టికెట్ మీద మీ పేరుండాలి, గుర్తింపు పత్రం చూపాలి. దళారి ఎవరి పేరు మీదో ముందే కొనిపెట్టుకున్న టికెట్ మీ చేతిలో పెడితే గేటు దగ్గర ఇబ్బంది మీదే. అధికారిక వెబ్‌సైట్‌లో మీరే కొంటే ఇంటిపేరు, అసలు పేరు పాస్‌పోర్టులో ఎలా ఉన్నాయో అలాగే టైపు చేయండి. మనలో చాలామంది ఇక్కడే తడబడతారు. బ్యాగుల తనిఖీ వరస ఏ టికెట్‌తోనూ తప్పదు. 30×30×15 సెంటీమీటర్లు దాటిన బ్యాగును లోపలికి రానివ్వరు. ఇంకో దోపిడీ పిల్లల టికెట్: 18 ఏళ్ల లోపు వాళ్లకి, ఏ దేశం వాళ్లయినా, ప్రవేశం ఉచితం. టికెట్ మాత్రం తీసుకోవాలి. టూరులో "చైల్డ్ రేటు" అంటే అందులో ప్రవేశ రుసుం ఎంతో అడగండి.

బస్సులో మైకు పట్టుకున్న మనిషి ఎస్కార్ట్ కావచ్చు, లోపల వివరించాల్సింది లైసెన్సున్న గైడు. ఆ ఇద్దరూ ఒకరేనా అని ముందే తేల్చుకోండి. కరపత్రం మీద అలెగ్జాండర్ మొజాయిక్ (చిన్న రాతిముక్కలు పొదిగిన యుద్ధచిత్రం) బొమ్మ ఉంటే మోసపోకండి: పాంపేలో "హౌస్ ఆఫ్ ద ఫాన్" అనే పాత ఇంట్లో ఉన్నది నకలు, అసలుది నేపుల్స్ పురావస్తు మ్యూజియం సొత్తు. ఆ మ్యూజియానికి మంగళవారం సెలవు.

సొంతంగా వెళ్లడం కష్టమేమీ కాదు. రేవు ఎదుట మునిచీపియో స్టేషన్లో మెట్రో ఎక్కి గరిబాల్డీలో దిగండి. అక్కణ్నుంచి చిర్కుమ్‌వెసువియానా అనే లోకల్ రైలు, సొరెంతో వైపు వెళ్లేదాంట్లో, నలభై నిమిషాలు. దిగాల్సింది "పాంపేయీ స్కావీ – విల్లా దెయి మిస్తేరీ". పేరులో పాంపే ఉన్న వేరే స్టేషన్లు కొత్త ఊళ్లో ఉన్నాయి, అక్కడ దిగితే నడక తప్పదు. రైల్లో జేబుదొంగలు ఎక్కువ, సమ్మెలూ తరచే. ముందురోజు రాత్రే చూసుకోండి. స్టేషన్ బయట "ఇన్ఫో", "టికెట్స్" అని రాసిన బల్లలు టూర్లు అమ్మేవాళ్లవి. అసలు కౌంటరు రోడ్డుకి అవతల పోర్టా మరీనా గేటు దగ్గర ఉంటుంది.

తిరుగు ప్రయాణానికి రెండు గంటలు పక్కన పెట్టండి. ఓడ వాళ్లు అమ్మిన టూరు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, రేవులో కొన్నదానికి ఆగదు. తర్వాతి రేవుకి మీ ఖర్చుతోనే వెళ్లాలి. అది టర్కీలాంటి చోటైతే అక్కడి వీసా కావాలి, మళ్లీ ఇటలీ రావాలంటే ఒక్కసారే లోపలికి రానిచ్చే సింగిల్ ఎంట్రీ షెంగెన్ (ఐరోపా) వీసా పనికిరాదు. కొన్ని ఓడల్లో పాస్‌పోర్టులు రిసెప్షన్ వాళ్లే ఉంచుకుంటారు. దిగేముందు అడిగి తీసుకోండి.