పొకెమాన్ ఎమరాల్డ్: గడియారం ఆగిన కార్ట్రిడ్జ్‌తో ఇన్నేళ్లు

పొకెమాన్ ఎమరాల్డ్ అనే వీడియో గేమ్‌లో కథ ఏంటి, ఏ జిమ్‌లో పోటీ కష్టం, ఏ పొకెమాన్ (మనం పెంచి పోరాడించే జీవి) మంచిది... ఇవేవీ చెప్పను. ఆడాలనుకున్నవాళ్లు ఎప్పుడో ఆడేసుంటారు. నేను చెప్పేదంతా ఆట ఉండే ఆ పచ్చ కార్ట్రిడ్జ్ డబ్బీలో, గడియారాన్ని నడిపే చిన్న బిళ్ల బ్యాటరీ గురించే.

మా చిన్నాన్న అమెరికా నుంచి, చేతిలో పట్టుకుని ఆడే గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్పీతో పాటు తెచ్చిన గేమ్ ఇది. నాకూ అక్కకూ కలిపి ఒకటే. సేవ్ (ఎంతవరకు ఆడామో దాచుకునేది) కూడా ఒక్కటే ఉంటుంది కాబట్టి ఇద్దరిదీ ఒకే ఆట. యుద్ధాలు నావి, తోటపని అక్కది. మడ్‌కిప్ అనే మా పొకెమాన్‌కి బుజ్జి అని పేరు పెట్టిందీ తనే. బుజ్జి పెరిగి పెద్దదై కొండంత స్వాంపర్ట్ అయినా పేరు అదే.

ఈ ఆటలో బెర్రీ విత్తితే నిజం టైం ప్రకారం పెరుగుతుంది. ఓరాన్ బెర్రీ అయితే 12 గంటల్లో కాస్తుంది. అక్క పెళ్లికి ముందు, ఇంటినిండా చుట్టాలున్న సందట్లో, ఓ మూల కూర్చుని ఆటలోని రూట్ 104 అనే దారిలో ఓరాన్ విత్తి సేవ్ చేసి పెట్టింది. తిరుచానూరులో పెళ్లయింది, తను బెంగళూరు వెళ్లిపోయింది. కొన్నాళ్లకు నేను ఆన్ చేస్తే తెరమీద ఒక మెసేజ్: లోపలి బ్యాటరీ అయిపోయింది, ఆట ఆడుకోవచ్చు, గడియారంతో ముడిపడ్డవి మాత్రం ఇక జరగవు.

గుండె ఆగినంత పనైంది. ముందు వచ్చిన పొకెమాన్ గోల్డ్, సిల్వర్ ఆటల్లో సేవ్‌నీ గడియారాన్నీ ఒకే బ్యాటరీ మోసేది. అది పోతే అంతా పోయినట్టే. ఎమరాల్డ్‌లో అలా కాదు. సేవ్ ఫ్లాష్ మెమరీలో ఉంటుంది, దానికి బ్యాటరీ అక్కర్లేదు. బుజ్జి ఉంది, అక్క పెట్టిన పేర్లన్నీ ఉన్నాయి. రూట్ 104కి వెళ్లి చూస్తే ఆ మట్టికుప్ప అలాగే ఉంది. మొలక కూడా రాలేదు. నొక్కితే, ఇక్కడ ఓరాన్ బెర్రీ నాటారు అని చెప్తుంది. ఇప్పటికీ అదే చెప్తుంది.

మరి కోపం లేదా అంటే ఉంది. ఆటలో షోల్ కేవ్ అనే గుహలో గడియారం ప్రకారం వచ్చే ఆటుపోట్లు ఆగిపోయాయి. నా ఆటలో నీళ్లు దిగవు, స్నోరంట్ అనే పొకెమాన్ దొరికే మంచుగదికి దారి లేదు. అందుకే ఒకసారి గాంధీ రోడ్డులో వాచీలు బాగుచేసే షాపుకి పట్టుకెళ్లా. సీఆర్1616 రకం బ్యాటరీ, పట్టీలకు వెల్డింగ్ చేసి ఉంటుంది. ఆయన మూడు రెక్కల స్క్రూ వైపు చూసి, టేపుతో అతికించి ఇస్తా అన్నాడు. నేను తిరిగి తెచ్చేసుకున్నా.

తర్వాత తెలిసిందేంటంటే, సరిగ్గా టంకం వేయించినా కష్టం తీరదు. కొత్త బ్యాటరీతో గడియారం మొదటి నుంచి మొదలవుతుంది. సేవ్‌లో ఉన్న పాత టైం దాటేదాకా చెట్టు కదలదు. దాటాక కాయ కోయకుండా వదిలేస్తే రాలి మళ్లీ మొలుస్తుంది, అలా కొన్నిసార్లయ్యాక చెట్టే మాయం. కోస్తే అక్క నాటింది పోయినట్టే. ఎటు చూసినా నాకు నష్టమే అనిపించి ఆ సంగతి వదిలేశా.

ఎస్పీ లైటు గురించి అప్పట్లో అందరికీ గొప్పగా చెప్పేవాణ్ణి. కరెంటు పోయిన రాత్రుళ్లు మిద్దె మీద ఆడుకున్నవాళ్లం కదా. ఇప్పుడు ఫోన్ పక్కన పెడితే రంగులు వెలిసిన చీరలా ఉన్నాయి. మాది తెర ముందు వైపు నుంచి లైటు పడే పాత మోడల్. తెర వెనక నుంచి వెలిగేది తర్వాత వచ్చింది.

ఈ మట్టికుప్ప సంగతి ఫోన్లో చెప్తే అక్క నవ్వింది. "చచ్చిన బ్యాటరీని పెట్టుకోని ఏం జేస్తావురా? మార్పించి పాపకియ్యి" అంది. మా మేనకోడలికి ఇప్పుడు పొకెమాన్ పిచ్చి.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లకైతే నా సలహా వేరు. నకిలీలు చాలా ఉన్నాయి, అందులో కొన్నిటికి సేవ్ నిలవదు, కొనేముందు ఒకసారి సేవ్ చేసి ఆఫ్ చేసి చూసుకోండి. అసలుదే అయితే, పాత సేవ్‌తో మీకు పనిలేకపోతే, బ్యాటరీ మార్పించి కొత్త ఆట మొదలుపెట్టండి, చెట్లన్నీ పెరుగుతాయి. నాలాగా ఒకే సేవ్‌లో ఇద్దరి చిన్నతనం ఉంటే మాత్రం తొందరపడొద్దు. పాప వేసవి సెలవులకు తిరుపతి వస్తుంది. అడిగితే కాదనలేను. తనకి వేరే కార్ట్రిడ్జ్ ఒకటి దొరుకుతుందేమోనని వెతుకుతున్నా.