మా స్టాలు పెట్టెకు తొమ్మిదేళ్లు

2016 అక్టోబరులో విశాఖపట్నం పూర్ణా మార్కెట్‌లో ఒక ఇనుప ట్రంకు పెట్టె కొన్నాను. పొడవు 36 అంగుళాలు, వెడల్పు 22, ఎత్తు 16. రేకు 24 గేజి; గేజి అంకె తగ్గేకొద్దీ రేకు మందంగా ఉంటుంది. ఖాళీ పెట్టె ఒక్కటే పన్నెండు కిలోలు తూగుతుంది. "హాస్టలుకా బాబూ?" అని అడిగాడు కొట్టాయన. ఎగ్జిబిషన్ స్టాలుకు అన్నాను. "అయితే 22 గేజి తీసుకోండి, ఇది ఆగదు" అన్నాడు. నాలుగు వందలు మిగులుతాయని ఆశపడి వినలేదు. ఆ నాలుగు వందల కథ తరువాత వస్తుంది.

మాది ఏటికొప్పాక లక్కబొమ్మల వ్యాపారం. మామయ్య అంకుడు కర్రను లేత్ మీద తిప్పి బొమ్మలు చేస్తాడు, నేనూ తమ్ముడూ ఊరూరా తిరిగి అమ్ముతాం. ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో నవంబరు 14 నుంచి 27 వరకు జరిగే వాణిజ్య ప్రదర్శన, ఫిబ్రవరిలో సూరజ్‌కుండ్ మేళా, ఢిల్లీ హాట్‌లో పదిహేను రోజుల వంతు, మధ్యలో విజయవాడ, హైదరాబాదు. కరోనా ఏడాది తీసేస్తే ఏటా నాలుగైదు స్టాళ్లు. వాటన్నింటికీ ఈ పెట్టే వచ్చింది. కాబట్టి దీని మీదా, దీనిలో పెట్టుకు వెళ్లే సరంజామా మీదా మాట్లాడే హక్కు నాకుందనుకుంటాను.

ముందుగా ఒక మాట. స్టాలు సామాను కొనేవాళ్లు దాన్ని మొదటి రోజు ఉదయం తలుచుకుని కొంటారు. అన్నీ కొత్తగా, నీటుగా, వరసగా. నేను మాత్రం దేన్నైనా చివరి రోజు రాత్రితోనే కొలుస్తాను. పద్నాలుగు రోజులు నిలబడి కాళ్లు వాచి ఉంటాయి. పక్క స్టాలువాళ్లు అప్పటికే ప్యానెళ్లు విప్పుతుంటారు, దుమ్ము లేస్తుంటుంది, బయట బండివాడు ఫోను మీద ఫోను. ఆ గంటన్నరలో ఏ వస్తువు మాట వింటుంది, ఏది మొండికేస్తుంది అన్నదే అసలు పరీక్ష.

ఆ పరీక్షలో ట్రంకు పెట్టెకు మంచి మార్కులే వేస్తాను. పగలు దాని మీద గుడ్డ పరిస్తే బొమ్మలు పెట్టే గద్దె. జనం పలచబడితే కూర్చునే పీట. రాత్రి స్టాలుకు అడ్డంగా ఒక తెరగుడ్డ తప్ప ఏమీ ఉండదు కదా, అప్పుడు ఖరీదైన సరుకు దాంట్లో వేసి తాళం పెట్టుకుని నిశ్చింతగా బసకు పోవచ్చు. సూరజ్‌కుండ్‌లో ఫిబ్రవరి మంచుకు పక్కవాళ్ల అట్టపెట్టెలు తెల్లారేసరికి మెత్తబడి చేతికి ఊడివస్తే, మా సరుకు పొడిగా ఉంది. తిరిగి సర్దేటప్పుడు దీనికి టేపు అక్కర్లేదు, తాడు అక్కర్లేదు. మూత వేసి కొక్కెం తగిలిస్తే పని అయిపోయింది.

లోపాలూ చిన్నవి కావు. మొదటిది బరువు. రైల్లో స్లీపరు టికెట్టుకు మనిషికి 40 కిలోల సామాను ఉచితం, కానీ పెట్టె కొలత 100, 60, 25 సెంటీమీటర్లు దాటకూడదు. మాది ఎత్తు దగ్గరే తప్పింది, పదహారు అంగుళాలంటే నలభై సెంటీమీటర్లు. కొనేముందు ఒక్కసారి టేపు పెట్టి కొలుచుకుని ఉంటే ప్రతిసారీ బ్రేక్ వ్యానులో, అంటే రైలు సామాను పెట్టెలో, బుక్ చేయాల్సిన పని తప్పేది. రెండోది గేజి. రెండో ఏడే ఒక రవాణా సంస్థ గోదాములో ఎవరో పైనుంచి జారవిడిచారు. మూల లోపలికి నొక్కుకుపోయింది, మడతబందు రివెట్లు రేకును చీల్చుకుని బయటికి వచ్చాయి. వెల్డింగుకూ కొత్త బందులకూ కలిపి అయిన ఖర్చు నేను కొట్లో మిగుల్చుకున్న దానికంటే ఎక్కువ. మూడోది తుప్పు. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఉంటాం కనుక రెండేళ్లకోసారి గీకి రంగు వేయక తప్పదు.

నాలుగోది ఉంది, అది పెట్టె తప్పు కాదు, నా తప్పు. 2017 మే నెలలో విజయవాడకు సరుకు వేసుకుని వెళ్లాం. ప్రతి బొమ్మనూ బబుల్ షీటులో రెండు చుట్లు చుట్టి పెట్టెలో ఇరికించాను. ఆ పనితనానికి నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. టాపు లేని ఆటోలో మిట్టమధ్యాహ్నం రెండు గంటలు నిలిచిపోయాం. స్టాలులో మూత తీస్తే వేడి ఆవిరి ముఖానికి కొట్టింది. మొదటి బొంగరం చేతిలోకి తీసుకుని షీటు విప్పుతుంటే చిటపట చప్పుడు. లక్క మెత్తబడి ప్లాస్టిక్‌కు అంటుకుపోయింది. ఎర్రటి బొంగరం ఒళ్లంతా గుండ్రటి గుంటలు, అమ్మవారు పోసిన ముఖంలాగా. లక్కపిడతలు మూడు సెట్లు, ఎడ్లబండ్లు రెండు, పసుపురంగు గిలకలు అన్నీ అదే తీరు. అమ్మడానికి పనికిరాని సరుకు ఎనిమిది వేల రూపాయలది.

మామయ్యకు ఫోను చేశాను. తిడతాడనుకున్నాను. "లక్క వేడితోనే పూస్తాం కదరా, వేడికే ఊడుతుంది. బొమ్మకు చెమట పట్టనివ్వకు. నూలుగుడ్డ చుట్టు" అన్నాడు, అంతే. ఆ బొమ్మల్ని వెనక్కి తీసుకువెళితే లేత్‌కు ఎక్కించి, తిరుగుతున్న కర్రకు మొగలి ఆకు ఒత్తి చాలావాటికి మళ్లీ నునుపు తెచ్చాడు. బండి చక్రాలు మాత్రం దక్కలేదు.

అప్పటినుంచి లక్క పూత ఉన్న దేనికీ బబుల్ షీటు తగలనివ్వను. పాత నూలు చీరలు, పంచెలు అడుగు చదరపు ముక్కలుగా కత్తిరించి ఉతికి పెట్టుకుంటాం. ముందు గుడ్డ, ఆపైన కావాలంటే బబుల్ షీటు. వార్తాపత్రిక కాగితం కూడా వద్దనే అంటాను, లేత పసుపు మీద సిరా మరక దిగుతుంది. గుడ్డముక్కల్లో ఇంకో సుఖం ఉంది. స్టాలులో రోజూ ఉదయం బొమ్మల దుమ్ము తుడవడానికి అవే, చివరి రాత్రి మళ్లీ చుట్టడానికీ అవే. బబుల్ షీటైతే రెండో వారానికి సగం పేలిపోయి ఉంటుంది. స్టాలుకొచ్చిన పిల్లలు ఊరుకోరు.

పెళ్లి బొమ్మల సెట్టుకు మాత్రం ఒక రహస్యం చెబుతాను. మద్యం సీసాలు వచ్చే అట్టపెట్టెల్లో పన్నెండు గళ్లు ఉంటాయి. వరుడు, వధువు, పురోహితుడు, సన్నాయివాడు, డోలువాడు, ఎవరి గదిలో వాళ్లు. ఒకరి తల ఒకరికి తగలదు. చివరి రాత్రి గళ్లు లెక్కపెడితే చాలు, ఎవరు తప్పిపోయారో తెలిసిపోతుంది. ఇంత చక్కటి పెట్టె డబ్బు పెట్టి కొందామన్నా నాకు దొరకలేదు. కాకపోతే స్టాలు వెనక ఆ పేర్లున్న పెట్టెలు చూసి వచ్చిన పెద్దమనుషులు మా ముఖాల్లోకి ఒకసారి పరీక్షగా చూస్తారు. పైన బ్రౌన్ పేపరు అతికించుకోండి.

టేపు గురించి నాకు పాత కక్ష ఉంది. బ్రౌన్ టేపు వెళ్లేటప్పుడు బంగారం, వచ్చేటప్పుడు శత్రువు. మొదటి రోజు దాన్ని చరచరా పీకితే అట్ట పైపొర కూడా ఊడివస్తుంది, ఇక ఆ పెట్టె తిరుగు ప్రయాణానికి బలహీనపడినట్టే. చివరి రాత్రి ఆ చుట్టకు కొస ఎక్కడుందో గోటితో వెతకడం మరో శిక్ష. అందుకే అట్టపెట్టెలకు పురికొస కడతాం, జారుముడి వేస్తే లాగగానే వస్తుంది, అదే తాడు మళ్లీ పనికొస్తుంది. టేపు ఒక్క చుట్ట ఉంచుతాను, అదీ పక్క స్టాలువాళ్లు అడుగుతారని.

2019లో బరువు తగ్గిద్దామని మడతపెట్టే ప్లాస్టిక్ క్రేట్లు నాలుగు కొన్నాను. రెండు ప్రదర్శనలకు కీళ్లు విరిగాయి. ఇప్పుడు ఇంట్లో ఉల్లిపాయలకు బాగున్నాయి.

స్టాలు అలంకరణకు వస్తే, హాళ్లలో ఇచ్చేది సాధారణంగా మూడు మీటర్లకు మూడు మీటర్ల చోటు, అల్యూమినియం స్తంభాల మధ్య మీటరు వెడల్పు తెల్ల ప్యానెళ్లు. మేకు కొట్టకూడదు. రెండువైపులా అంటుకునే టేపు వాడి ఒక ఊళ్లో ప్యానెలుకు జిగురు మిగిల్చాం, వెళ్లేటప్పుడు జరిమానా కట్టాం. ఆ తరువాత ఇనుప ఎస్ కొక్కేలు రెండు డజన్లు తెచ్చుకున్నాను. పైకమ్మీకి తగిలించి నాడా వేలాడదీస్తే బొమ్మలు, ధరల చీటీలు, బ్యానరు అన్నీ దానికే. ఎనిమిదేళ్లలో ఒక్కటీ విరగలేదు. పెట్టెలో దేనికైనా పూర్తి మార్కులు వేయాలంటే వీటికే వేస్తాను.

స్ప్రింగుతో డబ్బాలోకి చుట్టుకునే బ్యానరు స్టాండీ మాత్రం కొనవద్దు. చూడటానికి దర్జాగా ఉంటుంది. రెండో ఏటికి లోపల స్ప్రింగు సడలి సగంలో ఆగిపోతుంది, చివరి రాత్రి మీరు దాన్ని లోపలికి తోస్తుంటే అది మిమ్మల్ని బయటికి తోస్తుంది. నేను రెండు పోగొట్టుకున్నాను. ఇప్పుడు మా పేరు ముతక నూలుగుడ్డ మీద రాయించి, పైనా కిందా వెదురు కర్ర దూర్చడానికి గొట్టంలా కుట్టించాం. మడిచి పెట్టెలో అన్నింటికంటే అడుగున వేస్తాం, దారిలో మెత్తగా పడుంటుంది. ముడతలు పడుతుంది, నిజమే. మొదటి రోజు ఉదయం నీళ్లు చిలకరించి వేలాడదీస్తే మధ్యాహ్నానికి సర్దుకుంటుంది.

దీపాల విషయంలో నిర్వాహకులు ఇచ్చే తెల్లటి వెలుతురు లక్క ఎరుపును చంపేస్తుంది. పసుపుఛాయ ఎల్‌ఈడీ బల్బులు మూడు, క్లిప్పు హోల్డర్లు, అయిదు మీటర్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు మా సొంతం. ఇక్కడొక జాగ్రత్త. 2019 జనవరి 30న నాంపల్లి నుమాయిష్‌లో మంటలు లేచి వందకు పైగా స్టాళ్లు కాలిపోయాయి. ఆ ఏడు మేము అక్కడ లేము, కానీ ఆ ఫొటోలు చూసిన రాత్రి నాకు గుర్తొచ్చింది మా స్టాలు వెనక గుట్టగా పోసిన గుడ్డలూ అట్టలూ, వాటి మీదుగా పోతున్న వైరు. ఇప్పుడు ఖాళీ అట్టలు మడిచి ట్రంకులో పెట్టి మూత వేస్తాం. అప్పుడు ఇనుప పెట్టె మీద నాకు గౌరవం ఇంకాస్త పెరిగింది.

కాగితాల సంచి వేరే. వస్తువులు అమ్మకానికి కాక ప్రదర్శనకు వెళుతున్నట్టు డెలివరీ చలాను మూడు ప్రతులు, సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసే ఈ-వే బిల్లు. హస్తకళా వస్తువులను జీఎస్టీ రిజిస్ట్రేషను అక్కర్లేని చేతివృత్తివాళ్లు రాష్ట్రం దాటించాలన్నా, విలువ యాభై వేలు దాటకపోయినా సరే, ఈ-వే బిల్లు తీయాల్సిందే. ఇది చాలామందికి తెలియక దారిలో తనిఖీల దగ్గర ఇరుక్కుంటారు. మామయ్య చేతివృత్తి గుర్తింపు కార్డు నకళ్లు అయిదు. బొమ్మలకు నాణ్యతా గుర్తు తప్పనిసరి చేసిన 2021 నుంచి ఎవరో ఒకరు వచ్చి "ఐఎస్‌ఐ ఏదీ?" అంటారు. నమోదైన చేతివృత్తివాళ్లకు మినహాయింపు ఉందని నోటితో చెబితే నమ్మరు, కార్డు చూపిస్తే వెళ్లిపోతారు.

చిల్లర డబ్బా కథ కూడా చెప్పాలి. మా మొదటి ఢిల్లీ స్టాలు 2016 నవంబరు 14న తెరిచాం. పెద్దనోట్లు రద్దయి సరిగ్గా ఆరు రోజులు. మా దగ్గర బొమ్మలున్నాయి, జనం దగ్గర రెండు వేల నోట్లున్నాయి, నడుమ చిల్లర లేదు. యాభై రూపాయల బొంగరం కోసం మొత్తుకునే పిల్లల్ని తల్లులు లాక్కుపోతుంటే చూస్తూ నిలబడ్డాం. ఇప్పుడు అందరూ ఫోనుతోనే చెల్లిస్తున్నా, పది రూపాయల నోట్ల కట్టలు రెండు పెట్టె అడుగున ఉండాల్సిందే. హాలు నిండితే నెట్‌వర్కు పోతుంది, డబ్బులు పడ్డాయో లేదో చెప్పే ఆ మాట్లాడే డబ్బా మూగబోతుంది.

ఇన్ని చెప్పాక, పెట్టెలో అన్నింటికంటే పనికొచ్చింది పైసా ఖర్చులేనిది. మూత లోపలివైపు తమ్ముడు అతికించిన జాబితా. తీసుకువెళ్లింది ఒక గడి, తిరిగి తెచ్చింది ఒక గడి. ఎస్ కొక్కేలు 24, గుడ్డముక్కలు 140, బల్బులు 3, కత్తెర 1. ఏ ప్రదర్శన చూసినా రెండో గడిలో కత్తెర సున్నా. ఆరు కత్తెరలు పోయాక దాన్ని పెట్టె పిడికి అరగజం తాడుతో కట్టేశాం. బ్యాంకులో కట్టేసిన పెన్నులా ఉందని తమ్ముడు నవ్వుతాడు గానీ, మూడేళ్లుగా అదే కత్తెర.

మళ్లీ కొంటానా అంటే, కొంటాను. కానీ ఇంత పెద్దది కాదు. 22 గేజిలో, రైలు కొలతకు లోబడేలా చిన్నవి రెండు చేయిస్తున్నాను. ఒకదానిలో సరుకు, రెండోదానిలో సరంజామా. ఒక్కడినే వెళ్లాల్సి వచ్చినా ఎత్తగలగాలి, ముప్పై ఏళ్ల వయసులో కొన్న పెట్టె నలభైకి దగ్గరపడుతుంటే మరింత బరువెక్కింది.

పాతదాన్ని పాత ఇనుప సామాను వాడికి వేద్దామంటే మామయ్య అడ్డుపడ్డాడు. లక్క కడ్డీలు దాచుకుంటాడట. ఎండ తగలని చోట పెట్టుకో మామయ్యా అన్నాను. "నువ్వా నాకు చెప్పేది" అన్నాడు.