రాజమండ్రి నుంచి తిరుపతికి: విమానమా, రాత్రి రైలా?

రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడి రన్‌వే నుంచి తిరుపతి విమానాశ్రయం ఉన్న రేణిగుంట రన్‌వేకి మ్యాప్ మీద తిన్నగా గీత గీస్తే సుమారు 455 కిలోమీటర్లు. ఏటీఆర్-72 అనే చిన్న పంకాల విమానం గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోతుంది కాబట్టి 55 నిమిషాల్లో దిగిపోవాలి. కానీ రన్‌వే చివరిదాకా నెమ్మదిగా వెళ్లడం, పైకి ఎక్కడం, దిగేముందు వేగం తగ్గించుకోవడం అన్నీ కలిపి గంటంపావు వేసుకోవాలి. ఇంత చిన్న దూరానికి పెద్ద జెట్ విమానం ఎయిర్‌బస్ వేసినా మిగిలేది పది పదిహేను నిమిషాలే. అది పూర్తి వేగం అందుకునేసరికి దిగే వేళ అవుతుంది.

అసలు లెక్క ఇంటి గుమ్మం నుంచి వేయాలి. ఊళ్లోంచి మధురపూడి 18 కిలోమీటర్లు, 40 నిమిషాలు. గంటన్నర ముందు చేరాలి. దిగాక బ్యాగుల కోసం 20 నిమిషాలు, రేణిగుంట నుంచి తిరుపతికి అరగంట. మొత్తం నాలుగుంపావు గంటలు.

రైలుకి పట్టాల మీద 530 కిలోమీటర్ల పైచిలుకు, పది పదకొండు గంటలు. అయితే అందులో సగం నిద్రలోనే పోతుంది. సాయంత్రం ఎక్కి, పులిహోర పొట్లం విప్పుకుని తిని పడుకుంటే తెల్లవారుజామున ఊరి నడిబొడ్డున దిగుతాం. ఎదురుగానే భక్తులు దిగే టీటీడీ వసతిగృహం విష్ణునివాసం. పగలు ఒక్క గంట కూడా వృథా కాదు. ఖర్చూ తక్కువే.

మరి విమానం ఎవరికి? మా అమ్మలాంటి వాళ్లకి. మోకాళ్ల నొప్పులతో రాత్రంతా బెర్త్ మీద కాళ్లు ముడుచుకుని పడుకుని, ఆ నీరసంతోనే క్యూలో నిలబడటం చూశాక నా మనసు మారింది. ఏటీఆర్‌కి మెట్లు కూడా నాలుగైదే, వెనక తలుపు నుంచి ఎక్కుతాం. రెక్కలు పైన ఉంటాయి కాబట్టి కిటికీలోంచి కింద నేలంతా కనిపిస్తుంది. అమ్మ అద్దానికి నుదురు ఆనించి గోదారిని చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు.

హైదరాబాద్ మీదుగా మాత్రం వద్దు. శంషాబాద్‌కి 360, అక్కడి నుంచి రేణిగుంటకి 415; అంటే 455 పోవలసిన చోట 775 కిలోమీటర్లు. మధ్యలో రెండు మూడు గంటల నిరీక్షణ, మళ్లీ బస్సు, మళ్లీ నడక. పగలంతా పోతుంది. దానికన్నా రైలు నయం, పెద్దవాళ్లకైనా సరే, లోయర్ బెర్త్ దొరికితే.

నేరుగా వెళ్లే విమానం ఉన్న రోజు చూసుకుని వెళ్లడానికి అది, రావడానికి రైలు. నేనైతే ఇలాగే బుక్ చేస్తాను. దర్శనం ఎన్నింటికి అవుతుందో ముందే చెప్పలేం. రైలు తప్పితే ఆ దారిలో ఇంకో రైలు చూసుకోవచ్చు. చిన్న ఊళ్ల మధ్య విమానం తప్పితే మర్నాడు ఉంటుందన్న భరోసా లేదు, క్యూలో ఆ టెన్షన్ పడలేం.